కీబోర్డు మీద మైనర్ కార్డు, దాని ఇన్వర్షన్లు ఎలా పట్టాలి?

నల్లగొండలో నా దగ్గరికి కీబోర్డు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఎక్కువగా ఆదివారం చర్చిలో వాయించాలనో, ఊళ్లో భజనకు హార్మోనియం పట్టాలనో వస్తారు. కార్డులు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, చాలానే తెలిసి ఉంటాయి. కానీ ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు చేయి ఎగిరెగిరి పడుతుంది, తాళం తప్పుతుంది. పది కార్డులు అరకొరగా తెలియడం కంటే ఒక్క ‘ఏ మైనర్’ను మూడు రకాలుగా (మూల రూపం, స్వరాల వరుస మార్చిన రెండు ఇన్వర్షన్లు) కళ్లు మూసుకుని పట్టగలగడం మేలు.

ముందు ట్రాన్స్‌పోజ్‌ను (కీబోర్డు శృతిని పైకీ కిందికీ జరిపే సెట్టింగ్) సున్నాకు తెచ్చి, స్టైల్ (దానంతటదే మోగే తాళం, వాద్యాలు) ఆపేయండి. మనం నొక్కింది మాత్రమే మనకు వినపడాలి.

నల్ల మెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. మూడున్న గుంపులో రెండో, మూడో నల్ల మెట్ల మధ్య ఉన్న తెల్లదే ‘ఏ’. హార్మోనియం వాళ్ల లెక్కలో ఆరు శృతి. అక్కడి నుంచి నల్లవి, తెల్లవి అన్నీ కలిపి మూడు మెట్లు లెక్కపెడితే ‘సీ’ వస్తుంది. ఇంకో నాలుగు లెక్కపెడితే ‘ఈ’. ‘బీ’కీ ‘సీ’కీ మధ్య నల్ల మెట్టు లేదు, చాలామంది లెక్క తప్పేది అక్కడే. మూడు, ఆపైన నాలుగు: మైనర్ కార్డు ఏదైనా ఇదే కొలత. మేజర్‌కు ముందు నాలుగు, తర్వాత మూడు.

సంగీతం నేర్చినవాళ్లకు ఇంకా తేలిక. ఇది స, గ, ప. కాకపోతే ఇక్కడి గాంధారం సరళీ స్వరాల్లో, అంటే మాయామాళవగౌళలో, పాడే అంతర గాంధారం కాదు, ఖరహరప్రియలో వినే సాధారణ గాంధారం. ‘సీ’ని ఒక్క మెట్టు పైకి జరిపి నొక్కండి, కార్డు మేజర్ అవుతుంది. మళ్లీ కిందికి దించండి. రెండూ పాడుతూ పదిసార్లు మార్చి మార్చి వినండి. ఈ తేడా చెవికి ఎక్కకుండా ముందుకు పోవద్దు.

కుడిచేతికి బొటనవేలు 1, చిటికెనవేలు 5 అనుకుందాం. ‘ఏ, సీ, ఈ’లను 1, 3, 5 వేళ్లతో పట్టండి. ఇది మూల రూపం. ఇప్పుడు కింది ‘ఏ’ను వదిలి, పైనున్న ‘ఏ’ను పట్టుకోండి. ‘సీ, ఈ, ఏ’ వచ్చింది కదా, ఇది మొదటి ఇన్వర్షన్. దీనికి వేళ్లు 1, 2, 5. మధ్యలో 3 పెడితే చేయి బిగుసుకుపోతుంది. అదే పద్ధతిలో ‘సీ’ని కూడా పైకి తీసుకెళ్తే ‘ఈ, ఏ, సీ’. ఇది రెండో ఇన్వర్షన్, వేళ్లు మళ్లీ 1, 3, 5.

ఒక సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. ఇన్వర్షన్ పేరు అన్నిటికంటే కింద మోగే స్వరాన్ని బట్టి వస్తుంది. ఎడమచేత్తో కింద ‘ఏ’ నొక్కి ఉంచితే, కుడిచేయి ఏ రూపంలో ఉన్నా కార్డు మూల రూపంలోనే వినిపిస్తుంది. ఎడమచేయి ‘సీ’కి మారిన క్షణం మొత్తం రంగు మారుతుంది. హార్మోనియంలో ఆ చేయి బెల్లోస్‌కు, అంటే గాలి తిత్తికి, పోతుంది. కీబోర్డులో అది ఖాళీగా ఉంటుంది, వాడుకోండి.

ఇప్పుడు కదలిక. ‘ఏ, సీ, ఈ’ మీద చేయి ఉంచి, బొటనవేలు కదపకుండా మిగతా రెండు వేళ్లనూ ఒక్కో తెల్ల మెట్టు పైకి జరపండి. ‘ఏ, డీ, ఎఫ్’ వచ్చింది. అది ‘డీ మైనర్’ రెండో ఇన్వర్షన్! చేయి ఎగరలేదు. మెట్రోనోమ్ (సమంగా బీట్లు కొట్టే సాధనం) 60 దగ్గర పెట్టి, ఒక్కో కార్డు నాలుగు బీట్లు పట్టి, అటూ ఇటూ మారండి. పది నిమిషాలు చాలు, కానీ రోజూ చేయాలి.

ఇది కుదిరాక ‘ఈ మైనర్’ మూడు రూపాలూ పట్టండి. అందులోనూ అన్నీ తెల్ల మెట్లే. ఆ తర్వాతే నల్ల మెట్టు వచ్చే ‘సీ మైనర్’ జోలికి వెళ్లండి.