రీఫ్ ట్యాంక్‌లో వెలుతురు చాలట్లేదా, ఎక్కువైందా? కోరల్‌ని చూసి కారణం పట్టుకోవడం ఎలా

ఉప్పునీళ్లలో పగడాలు పెంచే రీఫ్ ట్యాంక్‌లో కోరల్ (పగడం) రంగు కొంచెం మారిందంటే చాలామంది చెయ్యి ముందు లైటు కంట్రోలర్ మీదికే పోతుంది. డల్‌గా ఉందని వెలుతురు పెంచుతారు. నాలుగు రోజుల్లో అది ఇంకా పాలిపోతుంది, ఇంకాస్త పెంచుతారు. వెలుతురు చాలక పోయే కోరల్స్ కన్నా, తొందరపడి పెంచిన వెలుతురుకి పోయేవే ఎక్కువని నా గట్టి అభిప్రాయం. అందుకే ముందు లక్షణం సరిగ్గా చూడాలి, కారణం తేల్చుకోవాలి, ఆ తర్వాతే లైటు ముట్టుకోవాలి.

కోరల్ కణజాలం లోపల జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు బతుకుతాయి. కోరల్ తిండిలో పెద్ద భాగం అవే వెలుతురుతో తయారుచేసి పెడతాయి. వెలుతురు తగ్గితే ఉన్న కాస్త వెలుతురునీ పట్టుకోవడానికి ఆ శైవలాల్లోని రంగు పదార్థం, వాటి సంఖ్య పెరుగుతాయి, కోరల్ గోధుమ రంగుకి తిరుగుతుంది. వెలుతురు మరీ ఎక్కువైతే ఆ శైవలాల దగ్గర కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. కోరల్ ఆ శైవలాలని బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. కింద చెప్పే లక్షణాల్లో చాలావాటికి మూలం ఇదే.

లైటు జోలికి పోయే ముందు

ఉష్ణోగ్రత 25–26 డిగ్రీల దగ్గర ఉందా, లవణీయత (నీళ్లలో ఉప్పు) 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 పాళ్ల దగ్గర నిలకడగా ఉందా, ఆల్కలినిటీ (నీటి క్షారత) ఈమధ్య ఒక్కసారిగా మారిందా అన్నది ముందు చూడండి. నీళ్లు మామూలు కన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని రోజులు అలాగే ఉంటే, లైటు ఎంత పద్ధతిగా ఉన్నా కోరల్ తెల్లబడుతుంది.

తర్వాత కొలత. లైటు డబ్బా మీద రాసిన వాట్లు, ల్యూమెన్లు కోరల్‌కి ఏమీ చెప్పవు. ల్యూమెన్ అనేది మనిషి కంటికి తగ్గ లెక్క. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చకి బాగా స్పందిస్తుంది, కోరల్‌కి ఎక్కువగా పనికొచ్చే నీలం అందులో తక్కువగా కనబడుతుంది. కావలసింది పార్, అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య వెలుతురు. దీన్ని సెకనుకి చదరపు మీటరు మీద పడే మైక్రోమోల్స్‌లో కొలుస్తారు. మీటరు కొనక్కర్లేదు, తెలిసినవాళ్ల దగ్గర ఒక రోజు తెచ్చుకున్నా చాలు. సెన్సర్‌ని కోరల్ కూర్చున్న చోటే పెట్టి చదవాలి. నీటి అలల వల్ల అంకె ఊగుతుంది కాబట్టి కొన్ని రీడింగులు తీసి సగటు చూడండి. పాత రకం సెన్సర్లు నీలాన్ని తక్కువగా చూపిస్తాయి. నీలం ఎక్కువున్న ఎల్ఈడీ కింద ఆ సంగతి మర్చిపోవద్దు.

మష్రూమ్‌లు, లెదర్ లాంటి సాఫ్ట్ కోరల్స్‌కి (గట్టి అస్థిపంజరం లేనివి) పార్ 50–150 చాలు. హ్యామర్, టార్చ్, అకాన్ లాంటి ఎల్‌పీఎస్‌కి, అంటే పెద్ద పాలిప్స్ (పువ్వులా విచ్చుకునే చిన్న జీవులు) ఉన్న గట్టి కోరల్స్‌కి, 80–150 దగ్గర బాగుంటుంది. అక్రోపోరా లాంటి ఎస్‌పీఎస్‌కి, అంటే చిన్న పాలిప్స్ ఉన్న గట్టి కోరల్స్‌కి, 200–350. ఉష్ణమండలపు మిట్టమధ్యాహ్నం ఎండలో నీటి పైన ఇది 2000 దాకా ఉంటుంది. ఆ అంకె చూసి ట్యాంక్‌లో 600 పెట్టాలని ఉత్సాహపడకండి. సముద్రంలో మబ్బులున్నాయి, లోతుంది, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మెల్లగా ఎక్కి దిగే సూర్యుడున్నాడు.

లక్షణం: కోరల్ తెల్లబడుతోంది

ఇక్కడ కాస్త నిలబడి దగ్గరగా చూడాలి. మామూలు తెల్ల టార్చి వెయ్యండి. తెల్లటి అస్థిపంజరం మీద సన్నని గాజు పొరలాంటి కణజాలం కనిపిస్తూ, పాలిప్స్ ఇంకా బయటికి వస్తుంటే అది బ్లీచింగ్. కోరల్ బతికే ఉంది. పొర అస్సలు లేకుండా గరుకు ఎముకే కనిపిస్తుంటే, దాని మీద అప్పుడే పచ్చటి నాచు పట్టడం మొదలైతే, ఆ భాగం చచ్చిపోయింది.

బతికి ఉంటే, తెలుపు ఎక్కడ మొదలైందో చూడండి. లైటు వైపున్న పైభాగం పాలిపోయి, కొమ్మల అడుగున, నీడలో రంగు నిలిచి ఉంటే వెలుతురే కారణం. నీడలో ఉన్న భాగంతో సహా మొత్తం ఒకేలా పాలిపోతే వేడినో, నీళ్లలోని పోషకాలైన నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకి పడిపోవడాన్నో అనుమానించండి. కింద నుంచి పొరలు పొరలుగా ఊడుతుంటే అది లైటు సమస్య కాదు. కొమ్మ ముక్కలైనా దక్కించుకోవాలంటే బాగున్న భాగాన్ని వెంటనే విరిచి వేరు చెయ్యాలి.

వెలుతురే అని తేలితే ఈమధ్య ఏం మారిందో గుర్తుచేసుకోండి. కొత్త లైటు, కొత్తగా తెచ్చి నేరుగా రాతి పైఅంచున పెట్టిన ముక్క, ఇవి అందరికీ తట్టేవే. ఎవరికీ తట్టనిది నీళ్లలోని రంగుని పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ (బొగ్గు). నెలల తరబడి పసుపు పట్టిన నీళ్లలో కార్బన్ వేస్తే ఒకటి రెండు రోజుల్లో నీళ్లు అద్దంలా తేటపడతాయి. లైటు ఒక్క శాతం కూడా పెంచకుండానే కోరల్ మీద పడే వెలుతురు పెరిగిపోతుంది. ఉప్పు మరకలు పట్టిన పైఅద్దాన్ని తుడిచినా జరిగేది ఇదే. ఈ పనులు చేసే రోజు లైటుని 20 శాతం దాకా తగ్గించి, వారానికి కొంచెం చొప్పున పాత స్థాయికి తీసుకురండి.

పరిష్కారానికి వస్తే, ఆ ఒక్క కోరలే బాధపడుతుంటే దాన్ని కిందికి దింపండి. చాలా కోరల్స్ ఒకేసారి పాలిపోతే లైటు తీవ్రతని మూడో వంతు తగ్గించండి. పూర్తిగా చీకటి చెయ్యొద్దు, మిగిలిన శైవలాలకీ వెలుతురు కావాలి. తిండి కూడా పెట్టండి. రంగు తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ మధ్యలో ఓపిక పోయి మళ్లీ సెట్టింగులు కదిపితే పడిన కష్టమంతా వృథా.

లక్షణం: గోధుమ రంగుకి తిరుగుతోంది

ముందు లైటుని తెలుపు ఎక్కువ ఉండేలా మార్చి చూడండి. నీలం వెలుతురులో అన్నీ మెరుస్తాయి. ఫోన్ ఫోటోలు ఇంకా మోసం చేస్తాయి. తెలుపు కింద కూడా గోధుమగానే ఉంటే కారణం రెండిట్లో ఒకటి: వెలుతురు చాలకపోవడం, లేదా నీళ్లలో పోషకాలు ఎక్కువవడం. ఫాస్ఫేట్ 0.1 పీపీఎం దాటి పోతుంటే, నైట్రేట్ 20 పీపీఎం పైన ఉంటే వాటినే మెల్లగా దించండి. అవి పద్ధతిగా ఉండి, ఎస్‌పీఎస్ దగ్గర పార్ 120 మాత్రమే ఉంటే అప్పుడు వెలుతురు పెంచండి, వారానికి 5 శాతం మించకుండా. గోధుమ రంగు ప్రాణాపాయం కాదు. తొందరేం లేదు.

లక్షణం: కాడలు సాగడం, ముడుచుకోవడం

జోయాంథిడ్లు (గుంపులుగా పెరిగే, చిన్న పువ్వుల్లాంటి జీవులు) పొడుగ్గా కాడలు చాపి పైకి లేస్తుంటే వెలుతురు అందట్లేదు. మష్రూమ్ విపరీతంగా పరుచుకుంటున్నా అంతే. అదే మష్రూమ్ అంచులు ముడుచుకుని చిన్నదైతే ఎక్కువైనట్టు. ఎల్‌పీఎస్ పగలంతా మూసుకుని, లైటు మందగించాక విచ్చుకుంటుంటే దాన్ని నీడ వైపు జరపండి. నీటి ప్రవాహం సూటిగా తగులుతోందేమో కూడా చూడండి.

లక్షణం: పైకొమ్మలు బాగున్నాయి, అడుగు చచ్చిపోతోంది

ఒకే బిందువు నుంచి వెలుతురు చిమ్మే చిన్న ఎల్ఈడీ కింద ఇది ఎక్కువ. నీడలు కత్తితో కోసినట్టు పడతాయి. తీవ్రత పెంచితే పైభాగం మాడుతుంది, అడుగుకి మాత్రం ఏమీ అందదు. కావలసింది ఎక్కువ వెలుతురు కాదు, ఎక్కువ వైపుల నుంచి వచ్చే వెలుతురు. లైటు కొంచెం ఎత్తండి, వెలుతురుని చెదరగొట్టే డిఫ్యూజర్ పెట్టండి, లేదా ఒక పెద్ద లైటు బదులు రెండు చిన్నవి వాడండి. ఎల్ఈడీకి రెండు పక్కలా టీ5 ట్యూబులు (సన్నని ఫ్లోరెసెంట్ ట్యూబ్‌లైట్లు) కలిపిన పద్ధతి గుబురుగా పెరిగిన ఎస్‌పీఎస్‌కి ఇప్పటికీ నాకు అన్నిటికన్నా నచ్చినది.

లక్షణం: నాచు పెరిగిపోతోంది

నాచుకి మూలం పోషకాలే, లైటు దాన్ని పరుగెత్తిస్తుంది అంతే. రోజుకి 8–10 గంటలు మించకుండా చూడండి, కిటికీ ఎండ ట్యాంక్ మీద పడుతుంటే ఆపండి. తగ్గించాల్సి వస్తే తెలుపు, ఎరుపు తగ్గించి నీలాన్ని ఉండనివ్వండి.

లక్షణం: ఏమీ మార్చలేదు, అయినా అన్నీ మెల్లగా మందగిస్తున్నాయి

టీ5 ట్యూబులకి 9 నుంచి 12 నెలలు దాటితే కంటికి తేడా తెలియకపోయినా వెలుతురు పడిపోయి ఉంటుంది. అన్నీ ఒకే రోజు మార్చొద్దు, వారానికొకటి మార్చండి. ఎల్ఈడీ అయితే ఫ్యాన్‌లో దుమ్ము పట్టిందేమో, లెన్స్ మీద ఉప్పు గట్టిపడిందేమో చూడండి. చాలా లైట్లు వేడెక్కితే తమంతట తామే మందగిస్తాయి. ఇంకో కారణం సంతోషకరమైనదే: పై కోరల్స్ పెరిగి కిందివాటికి గొడుగు పట్టి ఉండొచ్చు.

సన్ కోరల్ నీరసంగా ఉంటే మాత్రం లైటు సంగతి వదిలెయ్యండి. దానిలో ఆ శైవలాలే ఉండవు. పాలిప్ పాలిప్‌కి తిండి అందించాలి.

లైటు మార్చక తప్పకపోతే

ముందు ఏ కోరల్స్ పెంచుతారో నిర్ణయించుకోండి, తర్వాత ట్యాంక్ లోతు, పొడవు చూసుకోండి. మామూలు ఎల్ఈడీ ఒకటి సుమారు 60 సెంటీమీటర్ల చదరాన్ని కప్పుతుంది. 120 సెంటీమీటర్ల ట్యాంక్‌కి రెండు కావాలి. రంగు రంగుకీ విడిగా తగ్గించి పెంచుకునే వీలు, అక్లిమేషన్ మోడ్ (కోరల్ అలవాటు పడేలా వెలుతురుని రోజురోజుకీ మెల్లగా పెంచే సెట్టింగు) ఉన్నవే తీసుకోండి. సాఫ్ట్ కోరల్స్ మాత్రమే పెంచేవాళ్లకి ఖరీదైన లైటు అక్కర్లేదు.

పాతది విప్పకముందే ట్యాంక్‌లో ఐదారు చోట్ల పార్ కొలిచి రాసుకోండి. కొత్తది బిగించాక అవే చోట్ల అవే అంకెలు, లేదా వాటికన్నా కొంచెం తక్కువ వచ్చేదాకా తీవ్రత దించండి. అక్కడి నుంచి మూడు నాలుగు వారాల్లో కావలసిన చోటికి ఎక్కించండి. మీటరు దొరకకపోతే సగం కన్నా తక్కువ తీవ్రతతో మొదలుపెట్టి, లైటు వైపున్న కొమ్మలు పాలిపోతే ఒక మెట్టు వెనక్కి రండి.