చిన్న పుల్లీ జోలికి వెళ్లకండి: రోజూ నడిపే కారుకు సూపర్‌ఛార్జర్ పెట్టించేవారికి

జూలై మూడో వారంలో డాలస్ ఉత్తర శివారులో మా మిత్రుడి కారు హైవే పక్కన ఆగిపోయింది. 1994 నాటి మజ్దా మియాటా, 1.8 లీటర్ల ఇంజిన్. దానికి సూపర్‌ఛార్జర్ (ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) పెట్టించి రెండేళ్లయింది. రోజూ ఆఫీసుకు అందులోనే వెళ్లేవాడు, ఏ ఇబ్బందీ లేదు. ఆ సాయంత్రం హైవేలో కలుస్తూ ఎక్సలరేటర్ పూర్తిగా నొక్కాడు. వెనకంతా నీలం పొగ కమ్మింది. నాలుగు కాళ్ల పశువు మూడు కాళ్ల మీద కుంటినట్లు ఇంజిన్ నడిచింది. విప్పి చూస్తే మూడో పిస్టన్‌కు పై రెండు రింగుల మధ్య ఉండే గట్టు ముక్కలై ఉంది.

అసలు సంగతి అడిగితే తెలిసింది. సూపర్‌ఛార్జర్‌తో పాటు వచ్చిన పుల్లీ (బెల్టు దాన్ని తిప్పే చక్రం) తీసేసి, పది రోజుల కిందట అంతకన్నా చిన్నది బిగించాడు. ఇంధనమూ టైమింగూ (స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేసే క్షణం) మళ్లీ సరిచేయించలేదు. ఇదే కారణంతో నా కళ్ల ముందు పోయిన ఇంజిన్లలో ఇది నాలుగోది. నాలుగూ మంచి ఇంజిన్లే. అన్నిటికీ మొదట బిగించిన సూపర్‌ఛార్జర్ సవ్యంగా ఎంచుకున్నదే. అందుకే ఇది రాస్తున్నాను. కారు కింద స్టాండ్లు పెట్టడం, బ్యాటరీ తీగ విప్పడం లాంటివి మీకు తెలిసే ఉంటాయి, వాటి జోలికి వెళ్లను.

ఎంత ఒత్తిడి చాలు

సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌండ్లు. దాని మీద సూపర్‌ఛార్జర్ ఇంకో 6 పౌండ్లు చేర్చిందంటే మొత్తం 20.7. అంటే సుమారు 41 శాతం ఎక్కువ. గాలి వేడెక్కడం వల్ల, బెల్టు తిప్పడానికి ఇంజిన్ శక్తి కొంత ఖర్చు కావడం వల్ల ఆ 41 శాతమూ చక్రాల దాకా చేరదు. అయినా ఆఫీసుకూ బజారుకూ తిరిగే కారుకు అది చాలా ఎక్కువ. లోపల పిస్టన్లు, కడ్డీలు ఏవీ మార్చని ఇంజిన్‌కు నేను 5 నుంచి 6 పౌండ్లు దాటమని చెప్పను, అది కూడా కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ సిలిండర్‌లోని మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకె) 9.5 లోపు ఉంటేనే.

ఈ నిష్పత్తిని తేలిగ్గా తీసుకోకండి. కార్ల కంపెనీలే సూపర్‌ఛార్జర్ పెట్టినప్పుడు దాన్ని తగ్గించాయి. 2002లో వచ్చిన మినీ కూపర్ మామూలు ఇంజిన్‌లో అది 10.6, సూపర్‌ఛార్జర్ ఉన్న కూపర్ ఎస్‌లో 8.3. జనరల్ మోటార్స్ 3800 శ్రేణి వి6 ఇంజిన్‌లో మామూలుదానికి 9.4, సూపర్‌ఛార్జర్ ఉన్నదానికి 8.5. కోట్లు పోసి పరీక్షలు చేసే ఇంజినీర్లు అంత జాగ్రత్త పడ్డారు. మియాటా పాత 1.8 ఇంజిన్‌లో నిష్పత్తి 9.0, దానికి ముందు వచ్చిన 1.6లో 9.4. అందుకే అవి కొద్దిపాటి ఒత్తిడిని ఓర్చుకుంటాయి. ఇప్పటి కార్లలో 12, 13 ఉన్న ఇంజిన్లు చాలా ఉన్నాయి. అలాంటి వాటికి, ఆ ఇంజిన్ కోసమే తయారై పరీక్షలు దాటిన కిట్ దొరికితే తప్ప, ఈ ఆలోచనే వద్దు.

ఏ రకం

రోజువారీ కారుకు నా ఓటు రూట్స్ రకానికే. రెండు రోటర్లు గాలిని ముందుకు నెడతాయి. తక్కువ వేగంలోనే బలం తెలుస్తుంది, సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడే హాయిగా ఉంటుంది. ఫ్యాన్‌లా గాలిని బయటికి విసిరే సెంట్రిఫ్యుగల్ రకంలో ఒత్తిడి దాదాపు ఇంజిన్ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 7,000 తిరుగుళ్ల దగ్గర 6 పౌండ్లు ఇచ్చేది 3,500 దగ్గర ఒకటిన్నర పౌండు ఇస్తుంది. కింది వేగాల్లో ఇంజిన్ మీద భారం తక్కువ, నిజమే. కానీ ఊళ్లో తిరిగేవారికి ఆ బలం ఎప్పుడో గానీ అందదు, అందుకోవాలని ప్రతిసారీ ఇంజిన్‌ను పైకి తోలే అలవాటు పడుతుంది. మరల్లాంటి రెండు రోటర్లు పెనవేసుకుని తిరిగే ట్విన్ స్క్రూ మంచిదే, ఖరీదు ఎక్కువ.

పరిమాణం విషయంలో చాలామంది తప్పు లెక్క వేస్తారు. ఈటన్ కంపెనీ సూపర్‌ఛార్జర్లలో ఎం45 ఒక తిరుగుడుకు 45 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 737 ఘనపు సెంటీమీటర్ల గాలి తోస్తుంది. ఎం62 ఒక లీటరు పైచిలుకు. 1.6 లీటర్ల కూపర్ ఎస్‌కు ఎం45 పెట్టారు. మీ ఇంజిన్ రెండు లీటర్లయితే ఎం45ను తరిమి తరిమి తిప్పే బదులు ఎం62ను నెమ్మదిగా తిప్పడం మేలు. తక్కువ తిరిగితే తక్కువ వేడి.

బైపాస్ వాల్వ్ లేనిది కొనవద్దు. నిలకడగా వెళ్తున్నప్పుడు అది తెరుచుకుని గాలిని తిరిగి వెనక్కి పంపిస్తుంది. సూపర్‌ఛార్జర్ ఉత్తినే తిరుగుతుంది, పెట్రోలూ వేడీ రెండూ ఆదా.

పుల్లీ సంగతి

ఇప్పుడు అసలు విషయం. పుల్లీ చిన్నదైతే సూపర్‌ఛార్జర్ వేగంగా తిరుగుతుంది. 65 మిల్లీమీటర్ల పుల్లీ తీసి 58ది పెట్టారనుకోండి. చేతిలో పెట్టుకుని చూస్తే తేడా వేలెడు కూడా ఉండదు. కానీ వేగం 12 శాతం పెరుగుతుంది. 6 పౌండ్ల ఒత్తిడి ఎనిమిదిన్నర దగ్గరకు చేరుతుంది.

వేడి లెక్క ఇంకా భయపెడుతుంది. టెక్సస్ వేసవిలో బయట 38 డిగ్రీలు. ఇంటర్‌కూలర్ (నొక్కిన గాలిని చల్లబరిచే భాగం) లేని రూట్స్ రకం 6 పౌండ్లకు నొక్కినప్పుడు, సామర్థ్యం 60 శాతం అనుకుంటే, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 90 డిగ్రీలకు చేరుతుంది. ఎనిమిదిన్నర పౌండ్లకు అది 110 డిగ్రీలు. ఆ వేడికి నాకింగ్ మొదలవుతుంది. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట సిలిండర్ అంచులకు చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే భగ్గుమనడాన్నే నాకింగ్ అంటారు. ఆ దెబ్బ పిస్టన్ మీద సుత్తి దెబ్బ. రింగుల మధ్య గట్టు విరగడానికి అలాంటివి ఎక్కువ అక్కర్లేదు. పైగా ఎగ్జాస్ట్ మోతలోనూ సూపర్‌ఛార్జర్ ఈలలోనూ ఆ టకటక మీకు వినిపించదు.

అదే సమయంలో గాలి పెరిగింది, పెట్రోలు పెరగలేదు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు 6 పౌండ్ల దగ్గరే తమ శక్తిలో చాలావరకు వాడేసి ఉంటాయి. ఇంక తెరుచుకునే చోటు తక్కువే. మిశ్రమం పలచబడుతుంది. ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి, తక్కువ పెట్రోలు, మూడూ ఒకేసారి. మా మిత్రుడి ఇంజిన్‌ను చంపినవి ఈ మూడే. అందుకే మళ్లీ చెప్తున్నాను: పుల్లీ మార్చకండి. ఇంధనం, టైమింగ్ మళ్లీ కొలిపించి సరిచేయించే డబ్బూ ఓపికా లేనప్పుడు అసలే మార్చకండి.

ఏప్రిల్‌లో బాగా నడిచింది కాబట్టి ఆగస్టులోనూ నడుస్తుందని అనుకోకండి. చల్లటి ఉదయం సరిచేయించిన కారు మధ్యాహ్నం మూడు గంటల ట్రాఫిక్‌లో వేరే కారు.

బిగించేముందు

కంప్రెషన్ పరీక్ష (ప్రతి సిలిండర్‌లో ఒత్తిడి ఎంతో చూసేది), లీక్‌డౌన్ పరీక్ష (గాలి ఎంత కారిపోతోందో చూసేది) రెండూ చేయించండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే సూపర్‌ఛార్జర్ డబ్బుతో ముందు ఇంజిన్ బాగుచేయించుకోండి. 1990, 91 నాటి తొలి మియాటాల్లో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ముక్కు పొట్టిగా ఉంటుంది. దాని తాళపు గాడి అరిగి పుల్లీ ఊగడం ఆ కార్ల యజమానులందరికీ తెలిసిన జబ్బు. అలాంటి క్రాంక్ మీద ఇంకో బెల్టు భారం వేయకండి. ముందు ఏ రకం క్రాంకో చూసుకోండి.

పాత మియాటాలో చాలామంది మూల టైమింగ్‌ను 10 డిగ్రీల నుంచి 14కు, అంటే నిప్పురవ్వ ఇంకాస్త ముందే పడేలా, జరిపి ఉంటారు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవారు దీన్ని చూడరు. మామూలు ఇంజిన్‌కు అది లాభం, సూపర్‌ఛార్జర్ ఉన్నప్పుడు అది ప్రాణగండం. టైమింగ్ లైట్ పెట్టి చూసి వెనక్కి తీసుకురండి. ఒక్కో పౌండు ఒత్తిడికి సుమారు ఒక డిగ్రీ వెనక్కి అనేది పాత లెక్క, మొదలుపెట్టడానికి పనికొస్తుంది.

కారుతో వచ్చిన ఆక్సిజన్ సెన్సర్‌ను నమ్ముకోకండి. గాలి, పెట్రోలు నిష్పత్తి 14.7 (ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి) దగ్గర మాత్రమే అది కచ్చితంగా చెప్తుంది. పూర్తి ఒత్తిడిలో మీకు కావలసింది పదకొండున్నర, పన్నెండు మధ్య. దాన్ని చూపించేది వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఒక్కటే. అది లేకుండా సూపర్‌ఛార్జర్ పెట్టడం కళ్లకు గంతలు కట్టుకుని ఘాట్ రోడ్డు దిగడమే.

హైదరాబాద్, విజయవాడల నుంచి అడిగేవారికి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు తప్పదు. ఇంకొకటి, అమెరికా పంపు మీద రాసే 91 ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె), భారత్ లెక్కలో 91 ఒకటి కావు. అమెరికా 91 భారత్ లెక్కలో సుమారు 95, 96. అమెరికా సలహా చదివి భారత్‌లో 91 పోస్తే నాకింగ్ ముప్పు పెరుగుతుంది.

ఇక మిగిలినవి వరుసగా.

93 దొరికే రాష్ట్రంలో 93 తప్ప ఏదీ పోయకండి. కాలిఫోర్నియాలో పంపు దగ్గర 91తో ఆగిపోతుంది కాబట్టి అక్కడ 5 పౌండ్లు చాలు.

కాలిఫోర్నియాలో ఉంటే, ఆ రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థ ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (అనుమతి) నంబరు లేని కిట్ కొనవద్దు. స్మాగ్ (పొగ కాలుష్యం) పరీక్ష దగ్గర మొత్తం విప్పిస్తారు.

స్పార్క్ ప్లగ్‌లు ఒక మెట్టు చల్లటివి, అంటే వేడిని త్వరగా వదిలేవి, వేయండి. గ్యాప్ తగ్గించండి, లేకపోతే ఒత్తిడికి నిప్పురవ్వ ఆరిపోతుంది.

పెట్రోలు పంపు, ఫిల్టర్ కొత్తవి. పాత పంపుతో మొదలుపెట్టవద్దు.

సూపర్‌ఛార్జర్ ముక్కులో దాని కంపెనీ చెప్పిన నూనే పోయండి. ఇంజిన్ ఆయిల్ పోయవద్దు.

బెల్టు జారుతోందని పుల్లీ మార్చకండి. బెల్టు మార్చండి, బిగువు చూడండి.

గేజ్‌లో ఒత్తిడి అనుకున్నదానికన్నా తక్కువ కనిపిస్తే పుల్లీ మార్చకండి. గొట్టాల్లో లీకు, బైపాస్ వాల్వ్ ఇరుక్కోవడం, ఫిల్టర్ మూసుకుపోవడం, ఈ మూడూ చూడండి.

చిన్న పుల్లీ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

రేడియేటర్ పాతదైతే వేసవికి ముందే మార్చండి.

కొండ ఎక్కేటప్పుడు టాప్ గేర్‌లో పూర్తిగా నొక్కవద్దు. గేరు దించండి.

మొదటి వెయ్యి మైళ్లు రెండు వారాలకోసారి ప్లగ్‌లు విప్పి చూడండి. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడిలాంటి నల్లచుక్కలో, మెరిసే అల్యూమినియం బొట్లో కనిపిస్తే ఆ రోజు నుంచి కారు నడపవద్దు. అవి పిస్టన్ నుంచి వచ్చినవే.

వైడ్‌బ్యాండ్ గేజ్ ఒత్తిడిలో 12.5 దాటితే వెంటనే కాలు తీయండి. ఇంటికి నెమ్మదిగా రండి. రేపు చూద్దామని మళ్లీ నొక్కి చూడవద్దు. మా మిత్రుడు హైవే మీద ఆగేముందు రెండుసార్లు అది చూశాడు, రెండుసార్లూ గేజ్ తప్పు చూపిస్తోందనుకున్నాడు.