బంజారాహిల్స్ కాఫీ షాపుల్లో మొదటిసారి తడబడకుండా
ఫస్ట్ టైమ్ అయితే రోడ్ నంబర్ 14లో రోస్టరీ కాఫీ హౌస్‌తో మొదలెట్టండి, పాత బంగళా, బయట చెట్ల కింద టేబుళ్ళు, కానీ వీకెండ్ సాయంత్రం వద్దు, పొద్దున్నే వెళ్ళండి. మెనూ చూసి కంగారు పడొద్దు, పోర్ ఓవర్ అంటే పేపర్ ఫిల్టర్‌లో పొడి వేసి వేడినీళ్ళు గుండ్రంగా తిప్పుతూ కొంచెం కొంచెంగా పోయడమే, మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, పాలు కలపరు. మన ఫిల్టర్ కాఫీ అలవాటైన నాలుకకి మొదటి గుక్క పుల్లగా తగుల్తుంది (నాకైతే చింతపండు నీళ్ళు గుర్తొచ్చాయి!), కాస్త చల్లారనిచ్చి తాగండి, అప్పుడు బాగుంటుంది. అరకు గింజలున్నాయేమో కూడా అడగండి. జేబులో డబ్బుల్లేని రోజు బంజారాహిల్స్‌లోనే ఉన్న లామకాన్ అనే సాంస్కృతిక వేదికకి వెళ్ళిపోండి, చాయ్ సమోసా చవక, అదృష్టముంటే నాటకం కూడా.