స్టాలిన్ ‘సరే’ ఎందుకన్నాడో ఎలా రాయాలి

కొరియా యుద్ధానికి స్టాలిన్ ఎందుకు ఒప్పుకున్నాడు అని అడిగితే మా విద్యార్థుల్లో సగం మంది ‘కమ్యూనిజాన్ని విస్తరించడానికి’ అని రాసి ఊరుకుంటారు. ఆ వాక్యం పక్కన నేను ఎప్పుడూ ఒకే ప్రశ్న రాస్తాను: మరి 1949లో ఎందుకు వద్దన్నాడు?

మీరూ అక్కడే మొదలుపెట్టండి. కాగితం మీద నిలువుగా గీత గీసి, ఎడమవైపు ‘వద్దు’, కుడివైపు ‘సరే’ అని రాయండి. 1949 మార్చిలో ఉత్తర కొరియా నాయకుడు కిమ్ ఇల్ సంగ్ మాస్కో వెళ్లి దక్షిణ కొరియా మీద దాడి చేస్తానంటే స్టాలిన్ ఒప్పుకోలేదు. సెప్టెంబరు 24న సోవియట్ పొలిట్‌బ్యూరో కూడా కాదంది. ఇవి ఎడమవైపు. 1950 జనవరి 30న ప్యాంగ్యాంగ్‌లోని సోవియట్ రాయబారి ష్టికోవ్‌కు స్టాలిన్ టెలిగ్రాం పంపాడు. ఇంత పెద్ద పనికి పెద్ద సన్నాహమే కావాలి, సాయానికి నేను సిద్ధం అన్నాడు. ఇది కుడివైపు. అడిగిన మనిషి మారలేదు, సిద్ధాంతమూ మారలేదు. రెండు వైపులా ఉన్నది కారణం కాలేదు. మధ్యలో వచ్చిన మార్పునే వెతకాలి.

ఇక్కడ తేదీలను గట్టిగా పట్టుకోండి. సోవియట్ అణుబాంబు పరీక్ష 1949 ఆగస్టు 29న జరిగింది. అమెరికా సైన్యం కొరియా నుంచి జూన్‌లోనే వెళ్లిపోయింది. పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ ముందు వరుసలో పెడతాయి. కానీ రెండూ సెప్టెంబరు తిరస్కారానికి ముందువే! అవి ధైర్యం ఇచ్చి ఉండొచ్చు, నిర్ణయాన్ని మాత్రం అవొక్కటే తిప్పలేదు. తర్వాత వచ్చినవి చూడండి: అక్టోబరు 1న చైనా ప్రజా రిపబ్లిక్ ఏర్పడింది. 1950 జనవరి 12న అమెరికా విదేశాంగ మంత్రి ఆచిసన్ తమ రక్షణ రేఖను వివరిస్తే, కొరియా అందులో లేదు. అదే నెలలో మాస్కోలో మావోతో కొత్త ఒప్పందం మీద బేరం నడుస్తోంది. సోవియట్ నౌకాదళం వాడుకుంటున్న పోర్ట్ ఆర్థర్ రేవును చైనాకు తిరిగి ఇవ్వాల్సి వచ్చేలా ఉంది. నా లెక్కలో చైనాదే పెద్ద వాటా. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

ఒప్పుకోవడం వేరు, భారం మోయడం వేరు. ఆ రెంటికీ వేర్వేరు పేరాలు రాయండి. స్టాలిన్ టీ-34 ట్యాంకులు ఇచ్చాడు, సలహాదారుల్ని ఇచ్చాడు. జనవరి టెలిగ్రాంలోనే ఏటా కనీసం 25,000 టన్నుల సీసం కావాలని అడిగాడు. ఏప్రిల్‌లో కిమ్ మాస్కో వచ్చినప్పుడు మాత్రం సోవియట్ సైన్యం నేరుగా దిగదని, మావో ఒప్పుకోవాల్సిందేనని తేల్చాడు. కిమ్ మే 13న బీజింగ్ వెళ్లాడు. అంటే ఎదురుదెబ్బ తగిలితే కాసుకోవడానికి స్టాలిన్‌కు పక్కనే చైనా దొరికింది. అక్టోబరులో చైనా-కొరియా సరిహద్దులోని యాలూ నది దాటి యుద్ధంలోకి దిగింది చైనా సైనికులే. ఆ కుర్రాళ్లను మరిచి ఈ జవాబు రాయకండి.

చివరిగా ఒక జాగ్రత్త. 1950 ఆగస్టు 27న చెకోస్లొవేకియా అధ్యక్షుడు గాట్వాల్డ్‌కు స్టాలిన్ రాసిన లేఖ మీకు కనబడుతుంది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తాము వెళ్లకపోవడం మంచిదే అయిందని, అమెరికా కొరియాలో చిక్కుకుందని అందులో ఉంటుంది. చాలామంది దాన్నే అసలు ఉద్దేశంగా ఎత్తి రాస్తారు. యుద్ధం మొదలైంది జూన్ 25న. అప్పటికి రెండు నెలలు గడిచాయి, సమర్థించుకోవాల్సిన అవసరమూ వచ్చింది. ఆ లేఖను వాడండి, కానీ గీతకు కుడివైపు కాకుండా కాగితం అడుగున, తేదీతో సహా రాయండి.