ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మోకాలు సతాయిస్తోందా? ఎంఆర్ఐ కంటే ముందు మడమ చూడండి, క్యాలెండర్ చూడండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి వైజాగ్ వెళ్లి ఏసీఎల్ అనే మోకాలి లోపలి లిగమెంట్ (ఎముకల్ని కలిపి పట్టే కట్టు) ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చేసినోళ్లు ఫిజియోకి నా దగ్గరికి వస్తుంటారు, గుమ్మంలోనే అందరిదీ ఒకటే మాట, "సార్, గ్రాఫ్ట్ తెగిపోయినట్టుంది, ఎంఆర్ఐ తీయించేద్దామా?" అని. గ్రాఫ్ట్ అంటే తెగిన లిగమెంట్ చోట పెట్టిన టెండన్, చాలాసార్లు లోపల అది శుభ్రంగా ఉంటుంది, గొడవ వేరే చోట ఉంటుంది. బ్రేసు, ఐసు, కర్రలు, కుట్ల సంగతి మీకు తెలుసనే అనుకుని రాస్తున్నా.

"నడుస్తుంటే మోకాలు జారిపోతున్నట్టుంది", "చిప్ప ముందు నొప్పి", "తొడ సన్నబడిపోయింది"

మూడూ వేరే వేరే రోగాల్లా చెప్తారు గానీ చాలావరకు మూలం ఒకటే, కాలు పూర్తిగా చాపుకోవట్లేదు. ఇది చూడ్డానికి మిషన్లు అక్కర్లేదు. మంచం మీద బోర్లా పడుకోండి, మోకాలి చిప్పలు అంచు దాటి బయటికి రావాలి, కాళ్లు రెండూ వదిలేయండి, ఇంట్లో ఎవర్నన్నా వెనక నుంచి మడమలు చూడమనండి. ఆపరేషన్ కాలి మడమ పైకి ఉంటే దొరికిపోయింది దొంగ. సుమారుగా సెంటీమీటర్ తేడాకి ఒక డిగ్రీ లెక్క. ఆ నాలుగైదు డిగ్రీలు రాకపోతే తొడ ముందు కండ సరిగ్గా బిగుసుకోదు, అది బిగుసుకోకపోతే మెట్ల మీద మోకాలు ఒగ్గేసినట్టే ఉంటుంది, మనోళ్లేమో స్కానింగ్ సెంటర్‌కి బేగి బయల్దేరతారు.

దీనికి కారణం ఎక్కువసార్లు దిండే. అమ్మో అత్తో ప్రేమగా మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు, హాయిగానే ఉంటుంది, రాత్రంతా కాలు వంగే ఉంటుంది. ఆ దిండు తీసి మడమ కింద పెట్టండి, మోకాలి వెనక ఖాళీగా వేలాడనివ్వండి, పది నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు, పైన తొడ బిగించి వదలడం. లాగుతుంది, లాగనివ్వండి. నెలా నెలన్నర ఇలా చేసినా చివరి కొస రాకుండా ఏదో అడ్డం తగిలి టక్కుమంటుంటే, గ్రాఫ్ట్ ముందు మచ్చ కండ గడ్డకట్టి ఉండొచ్చు, సైక్లాప్స్ అంటారు, అది వ్యాయామానికి లొంగదు, సర్జన్‌కే చెప్పాలి.

"తగ్గిన వాపు మళ్లీ వచ్చింది"

నిన్నేం చేశారో గుర్తు తెచ్చుకోండి. వైజాగ్‌లో చెకప్ చేయించుకుని రైల్లో గంటలు గంటలు కాలు వంచుకుని కూర్చుని వస్తే వాయకేం చేస్తుంది. పని సగానికి తగ్గించి రెండ్రోజులు చూడండి. నూనె మాలిష్ మాత్రం వద్దు, ఎంత చెయ్యి తిరిగిన మనిషైనా వద్దు.

"తొడ వెనక టప్‌మంది"

తొడ వెనక టెండన్ (కండని ఎముకకి పట్టే తాడు) తీసి గ్రాఫ్ట్ వేసినోళ్లకి మొదటి వారాల్లో చెప్పులు వేసుకోడానికి వంగినా ఇలా అవుతుంది, చాలామటుకు తీసినచోట అతుక్కుంటున్న కండ సాగడమే తప్ప మోకాలి లోపలి గ్రాఫ్ట్ కాదు. కమిలిన రంగు కూడా కనిపిస్తుంది. కొన్నాళ్లు మెల్లగా ఉండండి. కోత పక్కన మొద్దుబారడం అంటారా, చర్మం కింద సన్న నరం కోతలో పోతుంది, గ్రాఫ్ట్‌కి దానికీ సంబంధం లేదు.

"నాకేం ఇబ్బంది లేదు సార్, సూపర్‌గా ఉంది"

ఇదిగో, నాకు భయం వేసేది ఈ మాటకే. రెండు నెలలు దాటేసరికి వాపు లేదు, నొప్పి లేదు, బ్రేసు అటక మీదికెక్కింది, ఫిజియోకి రావడం మానేస్తాడు. కనిపించే లక్షణం ఏమీ లేదు కాబట్టే ఇది అన్నిటికన్నా మోసం.

లోపల ఏం జరుగుతుందో వినండి. తొడ నుంచో చిప్ప కింద నుంచో తీసి పెట్టిన టెండన్‌కి పెట్టిన రోజు రక్తం సరఫరా ఉండదు. అందులో పాత కణాలు చాలావరకు చచ్చిపోతాయి, తర్వాత చుట్టూ ఉన్న పొర నుంచి కొత్త రక్తనాళాలు పాకుతాయి, కొత్త కణాలొచ్చి పాత పీచుని విప్పుకుంటూ కొత్తది అల్లుకుంటాయి. ఉభాలయ్యాక నారు నాలుగు రోజులు పసుపెక్కి వాలిపోయి, వేరు పట్టాక లేస్తుంది చూడండి, అలాగన్నమాట. పెట్టినరోజు గట్టిగా ఉన్న టెండన్ మధ్యలో బలహీనపడుతుంది, మామూలుగా ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా జాగ్రత్తపడమనేది అందుకే. ఎముకలో తవ్విన సొరంగంలో టెండన్ అతుక్కోడానికి కూడా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా పట్టుకునేది దాన్ని ఎముకకి బిగించిన స్క్రూ, బటన్‌లే. అంటే మీకు హాయిగా అనిపించే వారాలూ గ్రాఫ్ట్ నీరసంగా ఉండే వారాలూ ఒకటే. నొప్పి చెప్పదు, ఎందుకంటే అందులో నొప్పి చెప్పే నరాలు ఇంకా సరిగ్గా పెరగలేదు.

వాలీబాల్ ఆడే ఓ గుంటడు ఇలాగే చక్కగా నడుస్తున్నాడు కదా అని ఇంట్లోవాళ్లూ ఏమీ అనలేదు, పెళ్లి ఊరేగింపులో బ్యాండు ముందు పాదం నేలకి ఆనించి ఒళ్లు గిర్రున తిప్పాడు. పడిపోలేదు, పెద్ద నొప్పీ లేదు, పొద్దున్నకి మోకాలు ఉబ్బింది, తర్వాత చేత్తో లాగి చూస్తే కీలు వదులు. ఇలాంటివే ఇంకా ఉన్నాయి, వానలో పొలం గట్టు మీద జారడం, బండి మీద బస్తా పెట్టి కాలు ఆనించి హ్యాండిల్ తిప్పడం, మొరాయించే బండికి కిక్ మీద కిక్ కొట్టడం.

కాబట్టి పరిష్కారం మీ మోకాలి మూడ్ బట్టి కాదు, తేదీ బట్టి. డిశ్చార్జి కాగితం తీయండి, బీరువాలో లామినేషన్ చేసి దాచుకోవడం కాదు, చదవండి. ఆపరేషన్ తేదీ, గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీశారు, మెనిస్కస్‌కి (కీలులో ఎముకల మధ్య మెత్తటి దిండు లాంటిది) కుట్లు వేశారా, ఈ మూడూ ఫోన్లో రాసుకోండి. మెనిస్కస్ కుట్టి ఉంటే గొంతుక్కూర్చోవడం, కింద బాసింపట్టు వేయడం సర్జన్ చెప్పేదాకా లేదు. పన్నెండు వారాల లోపు పాదం ఆనించి మెలితిప్పే పని ఏదీ వద్దు, నడక, సైకిల్, తొడ బలం వ్యాయామాలు మాత్రం ఆపొద్దు, భయపడి మంచానికి అతుక్కుపోతే ఇంకో కొత్త గొడవ. ఆటకి తొమ్మిది నెలల లోపు దిగొద్దు. 2016లో వచ్చిన డెలావేర్-ఆస్లో (అమెరికా, నార్వే) స్టడీలో తొమ్మిది నెలల వరకు వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్లీ దెబ్బ తగిలే రేటు సుమారు 51 శాతం చొప్పున తగ్గింది. తొమ్మిది నిండాయని కూడా దూకేయకండి, మంచి కాలితో పోలిస్తే తొడ బలం, ఒంటికాలి గెంతు కనీసం 90 శాతం రావాలి. బీడీ, సిగరెట్ మానండి, రక్తనాళాలు పాకాల్సిన టైంలో అదొకటి అడ్డం.

"ఎంఆర్ఐలో గ్రాఫ్ట్ సిగ్నల్ పెరిగింది అని రాశారు"

పైన చెప్పిన రక్తనాళాల పనే నెలల తరబడి ఫిల్ములో అలా తెల్లగా కనిపిస్తుంది. కీలు చేతికి గట్టిగా ఉంటే ఆ ఒక్క లైను పట్టుకుని ఏడవక్కర్లేదు.

సొరంగం వెడల్పవడం, స్క్రూ గుచ్చుకోవడం లాంటివి అరుదు, సర్జన్ చూసుకుంటారు. అరుదైనా ఆగకూడనివి రెండున్నాయి. జ్వరంతో మోకాలు వేడెక్కి ఎర్రబడినా, కోత నుంచి రసి కారినా ఇన్ఫెక్షన్ కావచ్చు. పిక్క ఉబ్బి నొక్కితే నొప్పైతే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆయాసం తోడైతే ఇంకా ప్రమాదం. వీటికి పొద్దున్న వైజాగ్ రైలు కోసం ఎదురుచూడొద్దు, దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి అప్పుడే వెళ్లి, అక్కణ్ణుంచే మీ సర్జన్‌కి ఫోన్ చేయించండి.