చెన్నైలో చెక్కకు పారదర్శక పాలిష్: తెల్లబడితే, జిగటగా ఉండిపోతే

చెన్నైలో పాలిష్ చెడితే అందరూ ముందు డబ్బాను అనుమానిస్తారు. నేను ముందు గాలిని అనుమానిస్తాను.

సమస్య: ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ గానీ, లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ గానీ ఆరుతుండగానే పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది.

కారణం: పాలిష్‌ను పలుచన చేసే థిన్నర్, స్పిరిట్ చాలా వేగంగా ఆవిరవుతాయి. అలా ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తాయి. గాలిలోని తేమ ఆ చల్లదనానికి నీరుగా మారి, ఇంకా తడిగా ఉన్న పొరలో చిక్కుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇది మరీ ఎక్కువ.

పరిష్కారం: గీకి పారేయకండి. వాన లేని రోజు కోసం ఆగండి. లక్కర్ మీద రిటార్డర్ థిన్నర్‌ను (నెమ్మదిగా ఆవిరయ్యే థిన్నర్) పలుచగా స్ప్రే చేస్తే పై పొర మళ్లీ కరిగి, నెమ్మదిగా ఆరుతూ తేమను వదిలేస్తుంది. ఫ్రెంచ్ పాలిష్‌కైతే స్పిరిట్ చుక్కలు వేసి బాగా పిండిన గుడ్డతో తేలిగ్గా ఒక్కసారి తుడవండి. రుద్దితే ఉన్న పొర కూడా ఊడుతుంది. ఇక్కడ పనికి మంచి వేళ ఎండెక్కిన తరువాత, సముద్రపు గాలి మొదలయ్యేలోపు. తెల్లవారుజామున మాత్రం డబ్బా మూత తీయవద్దు.

సమస్య: టేకు మీద వేసిన నూనె ఆధారిత పాలీయురేథేన్ (ప్లాస్టిక్‌లా గట్టిపడే పారదర్శక పూత) రోజులు గడిచినా వేలికి అంటుకుంటుంది.

కారణం: టేకులోని సహజమైన నూనె పదార్థాలు పాలిష్ గట్టిపడకుండా అడ్డుకుంటాయి. పాత పూజా మందిరమైతే ఏళ్ల తరబడి ఇంకిన దీపపు నూనె కూడా తోడవుతుంది.

పరిష్కారం: గట్టిపడని పొరను పూర్తిగా తీసేయాలి, దాని మీద ఇంకో పూత వేయడం వృథా. చెక్కను థిన్నర్‌తో తుడిచి, అది ఆరగానే మైనం తీసిన లక్క పూత ఒకటి వేసి, ఆపైన పాలీయురేథేన్ వేయండి. మైనం ఉన్న లక్క వాడితే పై పూత పట్టదు.

లక్కే గట్టిపడకపోతే అది స్పిరిట్‌లో నెలల తరబడి నిల్వ ఉన్నదై ఉంటుంది. గాజు మీద ఒక చుక్క వేసి చూడండి. మరునాటికీ మెత్తగా ఉంటే పారబోయండి.

బుడగలు వస్తే డబ్బాను కుదిపి ఉంటారు, లేదా ఎండలో మందంగా వేసి ఉంటారు. ఆరాక 320 నంబరు గరుకు కాగితంతో రుద్ది, పలుచగా మళ్లీ వేయండి.

భోజనాల బల్ల మీద వేడి కాఫీ గ్లాసు తెల్లటి వలయం వేసిందంటే తప్పు గ్లాసుది కాదు, ఎంపికది. లక్క వేడికి, నీటికి తట్టుకోదు. బల్లకు పాలీయురేథేన్ వేసి, ఫ్రెంచ్ పాలిష్ అందాన్ని అద్దాల బీరువాకు ఉంచండి.

చెక్కకు పాలిష్‌గా అవిసె నూనె వాడేవారు ఒక్కటి తప్పక పాటించాలి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండలా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.