34వ సీన్ దగ్గర కథ ఆగిపోయిందా?

స్క్రీన్‌ప్లే సగంలో ఆగినప్పుడు చాలామంది ఆగిన సీన్‌తోనే కుస్తీ పడతారు. డైలాగ్ మారుస్తారు, లొకేషన్ మారుస్తారు, చివరికి ఒక పాట పెట్టి దాటేస్తారు. తప్పు చాలావరకు ఆ సీన్‌లో ఉండదు. అంతకు ముందు సీన్లలో తేల్చకుండా వదిలేసిన సంగతేదో ఇక్కడికొచ్చి అడ్డం పడుతుంది.

ముందు ల్యాప్‌టాప్ మూసేయండి. పోస్టుకార్డంత అట్టముక్కలు 5 తీసుకోండి. ఆగిన సీన్‌కి ఒకటి, దాని ముందున్న 4 సీన్లకు తలా ఒకటి. ఒక్కోదాని మీద మూడే లైన్లు రాయాలి: ఈ సీన్‌లో ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డం, సీన్ అయ్యేసరికి ఏం మారింది. లైన్‌కి 10 మాటలు మించొద్దు. ఏ కార్డులో ఏ లైన్ ఖాళీగా మిగిలిందో రిపేరు అక్కడ చేయాలి.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు అనుకోండి. తోతాపురి లోడుతో ట్రాక్టర్ల వరస. రైతు మేనేజర్‌ని బతిమాలుతున్నాడు. ఎన్నిసార్లు రాసినా ఇద్దరూ అదే మాట తిప్పి తిప్పి అంటున్నారు. ఎందుకంటే ఈ రైతు ఇవాళ కాకపోతే రేపు అమ్ముకోవచ్చు, అతనికి పోయేదేం లేదు. 2 సీన్లు వెనక్కి వెళ్లి, కాయ కోసి అప్పటికే 3 రోజులైందని పెట్టండి. ట్రాక్టర్ బాడుగ సంగతి డ్రైవర్ నోట ఒక్కసారి అనిపించండి. ఇప్పుడు ట్రాలీ సందుల్లోంచి రసం కారి మట్టిలో చుక్కలు పడుతుంటే "కాయ మెత్తబడి పోతా ఉండాది సార్" అన్న ఒక్క మాట చాలు. రెండు పేజీల వాదన అర పేజీకి వస్తుంది. పేజీకి నిమిషం లెక్కన తెర మీద నిమిషంన్నర మిగిలినట్టే.

కార్డులు సరిగ్గానే ఉండి డైలాగ్ మాత్రం రావట్లేదంటే యాస చూసుకోండి. తిరుపతి కుర్రాడి చేత "నేను వస్తున్నాను" అనిపించినంతసేపూ వాడు నోరు విప్పడు. "వస్తా ఉండా" అని రాయండి, తర్వాతి మాట వాడే అందిస్తాడు. సీన్‌ని ఫోన్‌లో పైకి మాట్లాడి రికార్డు చేసుకోవడం మంచిది. వాయిస్ టైపింగ్ మాత్రం వద్దు, అది యాసని పుస్తక భాషలోకి దిద్దేస్తుంటుంది.

ఇద్దరు మనుషులు ఎంతకీ మాట్లాడుకోకపోవడం వల్ల కథ ఆగితే, వాళ్లకు మాట్లాడే వీలు ఊళ్లోనే వెతకండి. తిరుపతి గంగజాతరలో వేషం కట్టినవాళ్లు బూతులు తిట్టినా జనం తప్పు పట్టరు. అన్న ముందు ఏనాడూ నోరెత్తని తమ్ముడికి ఆ జాతర వేషాల్లో ఒకటైన బండవేషం కట్టించి ఆ వీధిలోకి పంపండి. జాతరని రంగుల కోసం, డప్పుల కోసం పెడితే సీన్ మళ్లీ పడుకుంటుంది.

సెకండాఫ్ మొదట్లోనే ఆగితే ఇంటర్వెల్‌కే అన్నీ చెప్పేసి ఉంటారు. అందులో ఒక రహస్యాన్ని అక్కడ్నించి తీసేసి సెకండాఫ్ కోసం దాచండి.

మూడు రకాలుగా రాసినా కదలని సీన్‌ని తీసి పక్కన పెట్టి, ముందుదీ తర్వాతదీ కలిపి కథ తెలియని వాళ్లకు చదివి వినిపించండి. "మధ్యలో ఏం జరిగింది?" అని వాళ్లు అడగకపోతే ఆ సీన్ అక్కర్లేదు. అడిగితే ఇంకేం తెలుసుకోవాలనుకున్నారో అడిగి రాసుకుని, కొత్త కార్డు దాంతో మొదలుపెట్టండి.